ఋచీకుని చరువు: సంతాన ఔషధాలూ విశ్వాసపు హద్దులూ

విశ్వాసంతో పుచ్చుకున్న ద్రవ్యం, ఆ విశ్వాసం కారణంగానే, గుణదోష పరీక్షకు అతీతమవుతుందా అన్నది పాత ప్రశ్నే గానీ, సంతానం కోసమో గర్భరక్షణ కోసమో స్త్రీలు సేవించే మూలికల విషయంలో అది ఎదురైనంత సూటిగా మరెక్కడా ఎదురుకాదు. తలనొప్పికి కషాయం తాగినవాడు దాని మంచిచెడ్డలు తానే అనుభవిస్తాడు. పిల్లల కోసం పసరు తాగిన స్త్రీ విషయంలో మాత్రం ఆ ఫలితాన్ని అనుభవించవలసిన రెండవ ప్రాణి ఒకటి ఉంది. ఆ ప్రాణిని ఎవరూ సమ్మతి అడగలేదు, అడగడానికి వీలూ లేదు.

సంతానార్థం తినే పదార్థం అనగానే అందరికీ గుర్తుకువచ్చేది పుత్రకామేష్టిలో దశరథునికి దక్కిన పాయసమే. అందులో మేలు తప్ప మరొకటి జరగలేదు. దాని పక్కన పెట్టి చదవవలసిన కథ మరొకటి, భారతం ఆనుశాసనిక పర్వంలోనూ భాగవతం తొమ్మిదవ స్కంధంలోనూ కనిపించే ఋచీకుని కథ, అంతగా ప్రచారంలో లేదు. ఋచీకుడనే ముని తన భార్య సత్యవతికి ఒకటి, ఆమె తల్లికి ఒకటి చొప్పున రెండు చరువులు, అంటే మంత్రించి వండిన హవిస్సులు, సిద్ధం చేశాడు. కూతురిదే మేలైనదై ఉంటుందని తలచిన తల్లి దానిని అడిగి పుచ్చుకోగా, సత్యవతి తల్లి భాగం తిన్నది. సంగతి తెలిసిన ముని, ఆమెకు క్రూరస్వభావుడైన కొడుకు పుడతాడని చెప్పి, ఆమె ప్రాధేయపడిన మీదట ఆ ఫలితాన్ని మనుమడి తరానికి జరిపాడు. అందుచేతనే ఆమె కొడుకు జమదగ్ని శాంతుడైనాడనీ, ఆయన కుమారుడు పరశురాముడు గొడ్డలి పట్టాడనీ కథ. ఇందులో ఎవరికీ దురుద్దేశం లేదు. తల్లికి ఆశ, కూతురికి ప్రేమ, మునికి శక్తి ఉన్నాయి. అయినా తప్పు జరిగింది, దాని ఫలం అప్పటికి పుట్టనివానిపై పడింది.

ఈ కథలో భవిష్యత్ వైద్యశాస్త్రాన్ని వెతకడం వృథా శ్రమ. కానీ నైతికంగా దానికి సరిసమానమైన ఉదంతం ఇరవయ్యో శతాబ్దంలో, అదీ మూలికల్లో కాక ఆధునిక మందుల్లోనే, జరిగింది. గర్భస్రావాన్ని ఆపుతుందని 1940ల నుంచి ఎందరో గర్భిణులకు ఇచ్చిన డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్ అనే కృత్రిమ హార్మోను, ఆ తల్లులకు పుట్టిన కూతుళ్లలో యౌవనంలో అరుదైన యోని క్యాన్సరుకు కారణమవుతున్నదని 1971లో అమెరికా వైద్యులు గుర్తించారు. అంతకుముందే, 1957లో జర్మనీలో విపణిలోకి వచ్చి వేవిళ్లకు కూడా వాడిన థాలిడోమైడ్, 1961లో ఉపసంహరించేనాటికి పదివేలకు పైగా శిశువులను అంగవైకల్యానికి గురిచేసింది. ఇవి రసాయనాలు, మూలికలు అట్లా కావని వాదించేవారు ఒక సంగతి గమనించాలి: ఈ రెండు ఉదంతాలూ బయటపడటానికి కారణం ఆ మందులకు పేరు, మోతాదు, ఎవరు వాడారన్న లెక్క ఉండటం. ఏ లెక్కా లేని పసరు హాని చేసినా అది ఎవరి దృష్టికీ రాదు.

దైవానికి సంబంధించినదానినీ ద్రవ్యానికి సంబంధించినదానినీ విడదీసి చూడటం పాశ్చాత్యుల నుంచి నేర్చుకున్న పద్ధతి కాదు. చరక సంహిత సూత్రస్థానం పదకొండవ అధ్యాయం చికిత్సను మూడుగా విభజించింది: మంత్రం, హోమం, ఉపవాసం, ప్రణామం మొదలైనవాటిపై ఆధారపడే దైవవ్యపాశ్రయం, ఆహారాన్నీ ఔషధాన్నీ తగిన విధంగా కూర్చే యుక్తివ్యపాశ్రయం, మనస్సును అహితమైన విషయాల నుంచి మళ్లించే సత్త్వావజయం. ఈ విభజనను అంగీకరించినవారికి ఒక పర్యవసానం తప్పదు. నోటి ద్వారా కడుపులోకి చేరి, తన గుణం చేత పనిచేస్తుందని చెప్పబడే ప్రతి పదార్థమూ యుక్తికి జవాబుదారీ. దానిని మంత్రించి ఇచ్చినా, పుష్యమీ నక్షత్రాన నూరి ఇచ్చినా, ఆ జవాబుదారీతనం పోదు.

2024 ఏప్రిల్ 19న సైబరాబాద్ చూసిన దృశ్యాన్ని ఈ వెలుగులో పరిశీలించవచ్చు. చిలుకూరు బాలాజీ దేవాలయంలో బ్రహ్మోత్సవాల సందర్భంగా సంతానం లేని స్త్రీలకు గరుడ ప్రసాదం ఇస్తారన్న వార్త సామాజిక మాధ్యమాల్లో పాకి, తెల్లవారకముందే వేలాది దంపతులు బయలుదేరగా, చిలుకూరు దారిలో కిలోమీటర్ల కొద్దీ వాహనాలు నిలిచిపోయి, ఆ ఉదయం ఐటీ ఉద్యోగుల రాకపోకలు కూడా స్తంభించాయి. ఎగతాళి చేసినవారు చాలామందే ఉన్నారు. అయితే ఆ ప్రసాదం గరుత్మంతునికి నివేదించిన అన్నం. హుండీ కూడా లేని ఆ గుడిలో దానికి వెల లేదు. అందులో హాని చేసే ద్రవ్యమూ లేదు. మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరుని సేవించినా, నాగుల చవితికి పుట్టలో పాలు పోసినా అంతే. భక్తుడు దేవుణ్ణి అడుగుతున్నాడు, దేవుడు ఇవ్వకపోవడానికి కూడా సిద్ధపడి అడుగుతున్నాడు. హేతువాది దీనితో విభేదించవచ్చు గానీ, గర్భస్థ శిశువు భద్రత దృష్ట్యా ఇందులో ఆక్షేపించవలసినది లేదు.

చిక్కంతా పసరు ప్రసాదపు గౌరవాన్ని అరువు తెచ్చుకున్నప్పుడు మొదలవుతుంది. మృగశిర కార్తెనాడు హైదరాబాద్‌లో బత్తిని కుటుంబంవారు ఉబ్బసానికి ఇచ్చే చేప మందు, జన విజ్ఞాన వేదిక వంటి సంఘాల అభ్యంతరాల దరిమిలా చేప ప్రసాదమైంది. పేరు మారింది గానీ మింగేది మారలేదు. మందు అంటే పరీక్షించాలి, ప్రసాదం అంటే కళ్లకద్దుకోవాలి. ఈ సౌలభ్యం సంతాన ఔషధాలు ఇచ్చేవారికీ బాగా తెలుసు.

హైదరాబాద్ పారిశ్రామికవాడ జీడిమెట్లను ఈ చర్చలో ఉదాహరణగా తీసుకోవడానికి కారణముంది. 1960లలో బాలానగర్‌లో ఐడీపీఎల్ కర్మాగారం వచ్చిన తరువాత, అక్కడ పని నేర్చినవారు నెలకొల్పిన పరిశ్రమలతో బల్క్ డ్రగ్స్‌కు, అంటే మాత్రగా మారకముందు ఉండే అసలు మందు పొడికి, దేశంలోనే పేరుపడ్డ ప్రాంతాల్లో ఇదొకటి. ఇక్కడి కర్మాగారంలో తయారైన ప్రతి బ్యాచ్‌కూ ఒక నంబరు, ఒక పరీక్షా పత్రం, ఒక గడువు తేదీ ఉంటాయి. షాపూర్‌నగర్, చింతల్, గాజులరామారం బస్తీల్లో ఉండే కార్మిక కుటుంబాల్లో పెళ్లయి కొన్నేళ్లు గడిచినా కడుపు పండని కోడలికి ఊరి నుంచి వచ్చే మందుకు ఇవేమీ ఉండవు. నీళ్ల సీసాలో పచ్చని పసరు, కాగితం పొట్లంలో నూరిన వేరు. నెలసరి స్నానమైన నాటి నుంచి మూడు రోజులు పరగడుపున తాగాలి. పులుపు, వంకాయ, మాంసం మానాలి. ఆకు పేరు మాత్రం అడగకూడదు, చెబితే గుణం పోతుంది. ఎరుగని ఔషధం విషంతోనూ నిప్పుతోనూ సమానమని చరకుడు హెచ్చరించి ఉండగా, పేరు దాచడమే గుణంగా చలామణి కావడం ఆయుర్వేదం పేరున జరిగే ఆయుర్వేద ద్రోహం.

మూలిక గనుక ప్రమాదం లేదన్న భావన శాస్త్రానికే విరుద్ధం. అడవి నాభి దుంప గర్భపాతం చేస్తుందని నిఘంటువులు, అంటే ఓషధుల గుణాలు చెప్పే ప్రాచీన గ్రంథాలు, ఎప్పుడో నమోదు చేశాయి. అందులోని కాల్చిసిన్ కణ విభజనను ఆపుతుందని తరువాత తెలిసింది. చిత్రమూలం వేరును పల్లెల్లో కడుపు దించడానికే వాడేవారు. ఆముదంలోని రిసినోలియిక్ ఆమ్లం గర్భాశయ కండరంలోని ఒక గ్రాహకాన్ని ప్రేరేపించి సంకోచాలు కలిగిస్తుందని 2012లో ఎలుకలపై జరిగిన పరిశోధన చూపింది. అమ్మమ్మలు వద్దన్న బొప్పాయి విషయంలో పచ్చికాయ పాలకు గర్భాశయాన్ని ముడిచే గుణం ఉన్నట్టు ప్రయోగాల్లో కనిపించింది, బాగా పండిన పండుకు అది కనిపించలేదు. అమ్మమ్మల మాట సగం నిలిచింది. బలవర్ధకమని ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటున్న అశ్వగంధను, అంటే పెన్నేరు గడ్డను, 2023లో డెన్మార్క్ నిషేధించడానికి గల కారణాల్లో గర్భస్రావ భయమూ ఉంది. వీటన్నిటికంటే ముఖ్యమైనది కాలానికి సంబంధించిన చిక్కు. శిశువు మెదడుకూ వెన్నుకూ మూలమైన నాళం గర్భం నిలిచిన నాలుగు వారాలకే మూసుకుంటుంది. అప్పటికి చాలామంది స్త్రీలకు నెల తప్పిందన్న అనుమానం మాత్రమే ఉంటుంది. సంతానం కోసం తాగుతున్న మందు, గర్భం నిలిచిన తరువాత కూడా, తెలియకుండా లోపలికి పోతూనే ఉంటుంది.

మూలిక పేరుతో వచ్చేదంతా మూలిక కాదన్నది మరొక సత్యం. 2011, 2012 సంవత్సరాల్లో న్యూయార్క్ నగర ఆరోగ్య శాఖ ఆరుగురు గర్భిణుల రక్తంలో అధికంగా సీసం ఉన్నట్టు గుర్తించింది. వారిలో అయిదుగురు భారతదేశంలో పుట్టినవారు, ఆరుగురూ ఆయుర్వేద మందులు వాడినవారు. వారు వాడినవాటిలో ఒకటైన గర్భపాల రసంలో నాగ భస్మం, అంటే సీసపు భస్మమూ, పాదరసపు ఖనిజమైన హింగుళమూ కలుస్తాయి. శుద్ధి చేసిన భస్మం నిర్దోషమని సంప్రదాయం చెబుతుంది. ఆ శుద్ధి సరిగా జరిగిందో లేదో మాత్ర మింగే స్త్రీకి తెలిసే మార్గం లేనప్పుడు, తల్లి రక్తం నుంచి మాయ దాటి బిడ్డకు చేరే సీసం విషయంలో ఆ భరోసా చాలదు. ఇదే చరకుడు గర్భిణికి మృదువైన, మధురమైన, చల్లని ఉపచారాలే తగినవని చెప్పి, వమన విరేచనాలను వారించాడు. ఆయన పేరు చెప్పి కడుపుతో ఉన్న స్త్రీకి లోహ భస్మం ఇచ్చేవారు ఆయన శారీరస్థానాన్ని మరొకసారి చదువుకోవడం మంచిది.

ఇన్ని ఉన్నా పసరుపై నమ్మకం సడలకపోవడానికి ప్రమాణశాస్త్రంలోనే సమాధానముంది. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగితే కాకి వల్లనే పండు రాలిందనుకోవడాన్ని తార్కికులు కాకతాళీయం అన్నారు. దంపతుల్లో అధికశాతం ఏడాదిలోనే, మిగిలినవారిలో సుమారు సగం మంది రెండవ ఏడాదిలోనూ ఏ మందూ లేకుండానే సంతానవంతులవుతారు. ఆ మధ్యలో పసరు ఇచ్చినవారికి కీర్తి దక్కుతుంది. ఫలించనిచోట పథ్యం తప్పిందంటారు, లేదా నమ్మకం చాలలేదంటారు. ఏ ఫలితం వచ్చినా ఓడిపోని మాట ప్రమాణం కాజాలదు. రాగద్వేషాలు లేనివాడే ఆప్తుడని, అంటే మాట నమ్మదగినవాడని, శాస్త్రం నిర్వచించగా, మందు అమ్ముకుని బతికేవాడి మాట ఆప్తవాక్యం ఎట్లా అవుతుంది?

ఇందులో స్త్రీ స్థానం గురించి కూడా చెప్పుకోవాలి. సంతానలేమికి కారణం పురుషునిలో ఉండే సందర్భాలు తక్కువేమీ కాకపోయినా, మొదట పసరు తాగేది భార్యే. గొడ్రాలన్న మాట పడలేక అత్తగారు తెచ్చినది వద్దనలేక తాగుతుంది. పాయసాన్ని పంచినవాడు దశరథుడు, తిన్నవారు రాణులు. ఆ పద్ధతిలో మార్పు రావలసి ఉంది.

ఆసుపత్రులన్నీ నిష్కళంకమని ఇక్కడి వాదన కాదు. 2025లో సికింద్రాబాద్‌లోని ఒక సంతాన సాఫల్య కేంద్రం తమది కాని బిడ్డను దంపతులకు అప్పగించిందన్న ఆరోపణపై అరెస్టులు జరిగాయి. అయితే అక్కడ డీఎన్ఏ పరీక్ష అనే ఆధారం ఉన్నందువల్లనే ఆ దంపతులు నిలదీయగలిగారు. పసరు విషయంలో నిలదీయడానికి సీసా కూడా మిగలదు. స్త్రీల వంధ్యత్వాన్ని నయం చేస్తామని ప్రకటించడాన్ని 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది; గర్భస్థ శిశువు లింగాన్ని మార్చే మందంటూ అమ్మడాన్ని ఔషధ నిబంధనల షెడ్యూల్ జె ఒప్పుకోదు. చట్టం ప్రకటనను ఆపగలదు, చుట్టరికంగా వచ్చే పొట్లాన్ని ఆపలేదు.

అందుచేత దేవుణ్ణి మొక్కుకునే స్త్రీని వైద్యులు వెక్కిరించకూడదు, పసరు తాగిన స్త్రీ ఆ సంగతి వైద్యులకు దాచకూడదు. న్యూయార్క్‌లో ఆ ఆరుగురి విషయం బయటపడింది అక్కడ గర్భిణుల రక్తంలో సీసాన్ని పరీక్షించే ఏర్పాటు ఉన్నందువల్ల. ఇక్కడి ప్రసూతి కేంద్రాల్లో గర్భిణులకు మామూలుగా చేసే రక్త పరీక్షల్లో సీసం పరీక్ష లేదు.