ఆ రెండు నిమిషాలు ఎవరివి?

పోయిన సంక్రాంతికి దిల్‌సుఖ్‌నగర్‌లో అమ్మ ఇంటి అటక దులుపుతుంటే ఒక వీహెచ్‌ఎస్ క్యాసెట్ బయటపడింది. 1998లో జరిగిన అక్క పెళ్ళి క్యాసెట్. మా ఇంట్లో వీసీఆర్ ఎప్పుడూ లేదు. చూడాలనిపిస్తే వీధి చివరి షాపులో వీసీపీ అద్దెకు తెచ్చుకునేవాళ్ళం. ఇప్పుడు ఆ షాపులూ లేవు. జపాన్‌లో చివరి కంపెనీ కూడా 2016లో వీసీఆర్‌ల తయారీ ఆపేసింది. అరంగుళం టేపు మీది అయస్కాంత పూత ఏళ్ళ తరబడి పాడవుతూనే ఉంటుంది. చెమ్మ తగిలితే బూజు పడుతుంది. కాబట్టి ఈ విషయంలో ఏమీ తేల్చకుండా ఊరుకున్నా అది పారెయ్యడం కిందే లెక్క.

ఎల్.బి. నగర్ నుంచి అన్న వచ్చాడు. కంప్యూటర్లోకి ఎక్కించి కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెడతానన్నాడు. "కాల్చెయ్యి" అంది అక్క. "మా అమ్మ గొంతు మళ్ల ఏడికెల్లి తెస్తరు?" అంది అమ్మ.

ఈ ముగ్గురి మాటా అర్థం కావాలంటే ఆనాటి పెళ్ళి వీడియోల సంగతి కొంచెం చెప్పాలి. గులాబీ పూల మధ్య, గుండె బొమ్మలో పెళ్ళికూతురి ముఖం తిరుగుతూ ఉంటుంది. వెనక సినిమా పాట. నలుగు నుంచి తలంబ్రాల దాకా మా ఆడవాళ్ళు పాడిన పాటలన్నీ ఆ 'మిక్సింగ్'లో కొట్టుకుపోయాయి. వాళ్ళు నోళ్ళు కదుపుతుంటారు, వినిపించేది మాత్రం సినిమా గాయకుల గొంతు. ఎందుకో అప్పగింతల దగ్గర ఒక్క రెండు నిమిషాలు అసలు శబ్దం అలాగే ఉండిపోయింది. అందులో అమ్మమ్మ పాడుతుంది. అక్క ఏడుస్తుంది. అక్షరం రాని అమ్మమ్మ గొంతు ఈ లోకంలో ఇంకెక్కడా లేదు.

నేను మొదట అమ్మ వైపే నిలబడ్డాను. సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివి, తెలంగాణ పోరాటంలో పనిచేసిన స్త్రీల మాటలు వినబడకుండా ఎలా పోయాయో తెలుసుకున్నదాన్ని. ఒక స్త్రీ గొంతును చేతులారా కాల్చడానికి నాకు మనసెలా ఒప్పుతుంది? అదే అక్కతో అన్నాను.

అక్క నా వైపు చూడలేదు. అమ్మతో అంది: "ఆ ఏడుపు పుట్టిల్లు విడిచిపోతున్నందుకని అందరనుకున్నరు. నాకీ పెండ్లి ఇష్టం లేదని ముందురోజు రాత్రే నీకు చెప్పిన గదమ్మా."

అమ్మ మాట్లాడలేదు. ఆ పెళ్ళిలోంచి అక్క 2004లో బయటికొచ్చింది. ఎందుకొచ్చిందో ఇంట్లో అందరికీ తెలుసు. ఇన్నేళ్ళూ ఎవరూ నోరెత్తలేదు.

ఆ మాట విన్నాక నా వాదనలో నాకే ఒక లొసుగు కనబడింది. ఆ పుస్తకంలోని స్త్రీలు కూర్చుని తమ కథ తాము చెప్పుకున్నారు. మా అక్క ఏమీ చెప్పుకోలేదు, ఆమెను తీశారు. పెళ్ళికి ఆమె ఇష్టం అడగలేదు, కెమెరాకీ అడగలేదు. ఇప్పుడు భద్రపరచడం పేరుతో మూడోసారి కూడా అడగకుండా ఉండొచ్చా? 2023లో వచ్చిన వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం కూడా, ఒక వ్యక్తి తన సొంత, ఇంటి అవసరాలకు వాడుకునే సమాచారాన్ని తన పరిధిలోంచి తప్పించింది. మనకు బాగా తెలిసిన కథే, గడప దాకా వచ్చి ఆగిపోయే న్యాయం. ఇక గడప లోపల ఎవరి ఇష్టం చెల్లుతుందన్నది మనమే తేల్చుకోవాలి.

ఇక్కడ ఇద్దరు స్త్రీల హక్కులు ఒకే టేపు మీద పెనవేసుకుని ఉన్నాయి. ఏడుపు తీసేసి పాట మిగల్చడం కుదరదు, రెండూ ఒకే శబ్దం. అమ్మమ్మను దక్కించుకోవాలంటే అక్కను మళ్ళీ ఆ పీటల దగ్గర నిలబెట్టాలి. పోయినవాళ్ళకు మనం బాకీ ఉంటాం, నిజమే. కానీ ఆ బాకీ బతికున్న మనిషి గాయంతో తీర్చకూడదు. స్త్రీల గొంతులన్నీ దాచాలని ఇన్నాళ్ళు నమ్మాను. చెరిపెయ్యమని అడగడం కూడా ఒక స్త్రీ గొంతేనని ఆ రోజు ఒప్పుకోవాల్సి వచ్చింది.

ఆ పాట నువ్వు పాడు, రికార్డు చేస్తానని అమ్మను అడిగాను. రెండు చరణాలు పాడి ఆగిపోయింది. తర్వాతివి గుర్తులేవంది. అవి ఆ క్యాసెట్లో ఉన్నాయి. ఈ నష్టం చిన్నదని నేననలేను. అమ్మ నాతో వారం రోజులు సరిగ్గా మాట్లాడలేదు.

క్యాసెట్ అక్క చేతికిచ్చాను. కొత్తపేటలో తన ఇంటికి తీసుకెళ్ళింది. కాల్చిందో, దాచిందో నేను అడగలేదు.