నాలుగో వంతు మాకూ ఉంది

దంపతుల పడకకోసం చేసిన వాలు దిండ్లు, ఒంపు కుర్చీలు వాడి చూసి, వాటి మంచిచెడ్డలు రాస్తాను. వెన్నెముక దెబ్బతిన్నాక నా కాళ్లు ఉన్నట్టుండి బిగుసుకుంటాయి. ఫోమ్ మరీ మెత్తనైతే తుంటి కూరుకుపోతుంది, గట్టిదైతే ఒత్తిడి పుండ్ల భయం. చక్రాల కుర్చీ కంటే ఎత్తుగా ఉంటే ఎక్కడమే కష్టం.

"ఇక దేవుడి మీద మనసు పెట్టుకోరాదా అమ్మా" అంటారు పెద్దలు. పెట్టుకునే ఉన్నాను. కానీ పురుషార్థాలు నాలుగన్నవాళ్లు వికలాంగులకు మూడే అనలేదే! ఎనిమిది వంకరల అష్టావక్రుడు సుప్రభను కోరి పెళ్లాడాడని మహాభారతం అనుశాసన పర్వమే చెబుతోంది. 2006 నాటి ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడిక 23వ అధికరణం మా దాంపత్యాన్ని హక్కుగా గుర్తించింది. నొప్పి లేకుండా నా భర్తకు దగ్గర కావడం నాకు ధర్మమే. తయారీదారులారా, ఎత్తు, మోయగల బరువు పెట్టె మీద అచ్చువేయండి.