వేపచెట్టు ప్రక్క త్రోవ

ధ్యాన భాగములు: లేవీయకాండము 19:14, యెషయా 57:14, లూకా 6:46–49



ఈ నెల ధ్యానమునకు మా యింటి ముంగిలినే పాఠముగా తీసికొనుచున్నాము. గేటునుండి వసారావరకు ఒక త్రోవ వేయుటలో మేము చేసిన తప్పును, ఆ తప్పును ఒక అవ్వయు రాళ్లు కొట్టు పెద్దాయనయు మాకు ఎట్లు చూపించిరో దానిని మీకు చెప్పవలెనని యున్నది. మదనపల్లెనుండి పుంగనూరు పోవు రోడ్డు ప్రక్క పల్లెలలోని మన సంఘములవారు అనేకులు ఆ త్రోవను ఎరుగుదురు. కొందరు దానిమీద జారియు నున్నారు.

క్రిందటి సంవత్సరము కోత పండుగకు పెద్ద అయ్యగార్లు వచ్చుచున్నారని తెలిసినప్పుడు మా ముంగిలిని చూచి మాకే సిగ్గు వేసెను. మాది ఎర్రమట్టి నేల. వాన పడినయెడల చెప్పులకు అంటిన మట్టి వసారాలోనికిని, వసారానుండి ప్రార్థన చాపలమీదికిని వచ్చును. మా సంఘపు యౌవనస్థుడొకడు కుప్పములో గ్రానైటు పని చేయుచున్నాడు. కుప్పము ప్రాంతపు పచ్చరాయి ‘కుప్పం గ్రీన్’ అను పేరుతో సముద్రములు దాటి పోవుచున్నది గదా. అంచులు విరిగి అమ్మకమునకు పనికిరాని మెరుగు బండలను అతడు తక్కువ వెలకు కొని టెంపోలో తెచ్చి యిచ్చెను. ముప్పావు అంగుళము మందము. వంగి చూచినయెడల అద్దములోవలె మన ముఖము మనకు కనబడును. ఆ దినములలో మేము చాలసార్లు వంగి చూచుకొంటిమి.

గేటునుండి వసారా మెట్టువరకు దారము లాగితిమి. 38 అడుగులు, ముక్కుసూటిగా. గడ్డి చెక్కి, ఇసుకలో కొద్దిగా సిమెంటు కలిపి నేలమీద చల్లి, బండలు పరచితిమి. రెండు దినములలో పని ముగిసెను. పండుగకు వచ్చిన పెద్దలు త్రోవను మెచ్చుకొనిరి. మేమును ఆ మెప్పును వద్దనలేదు.

అక్టోబరులో ఈశాన్యపు వానలు పట్టుకొనెను. మన మెట్టసీమలో వాననీరు నిలువదు, పరుగెత్తును; పరుగెత్తుచు మట్టిని వెంటబెట్టుకొని పోవును. బండల క్రింది మట్టి కొంచెము కొంచెముగా కొట్టుకొనిపోయి అక్కడ బోలుపడెను. రెండు బండలు పగిలెను, మూడవది ఒక అంచున లేచి తక్కెడవలె ఊగుచుండెను. సందులలో పాచి పట్టెను. మేము చూడలేదని చెప్పము. చూచితిమి. క్రిస్మసు ముందర సరిచేయుదమని అనుకొంటిమి.

ఆ వారములోనే మా సంఘములోని ఒక అవ్వ ప్రార్థన కొరకు వచ్చెను. ఏబది సంవత్సరములుగా ఈ సంఘములో నున్న విధవరాలు. ఒక కంటికి శుక్లము. మదనపల్లె టమోటా మార్కెట్టులో కాయలు ఏరు కూలికి పోయి, తన చేతితో బ్రదుకుచున్నది. ఆ ఊగు బండమీద కాలు పెట్టగానే జారి పడెను. కుడి మణికట్టు విరిగెను. మదనపల్లెకు తీసికొనిపోయి కట్టు కట్టించితిమి. ఆరు వారములు చేయి కదపరాదని డాక్టరుగారు చెప్పిరి.

ఆసుపత్రి బల్లమీద కూర్చుండి ఆమె మాతో అన్న మాట ఇది: “నాదే తప్పు అయ్యగారూ. నేనెప్పుడూ యాపచెట్టు పక్కనించే వస్తా ఉంటిని. కొత్త బాట ఏసినారు గదా, దాని మింద నడవకుంటే మీరు నొచ్చుకుంటారేమోనని ఆ పొద్దు దాంట్లో వస్తిని.”

ప్రియులారా, మేము ఇరువది యేండ్లుగా ప్రసంగములు చేయుచున్నాము. అంత చక్కగా మమ్మును గద్దించిన ప్రసంగము మేము వినలేదు. ఆమె గద్దించవలెనని అనలేదు, అందుచేతనే అది లోపలికి దిగెను.

ఇంటికి వచ్చి మొదటిసారి ఆ ముంగిలిని సరిగా చూచితిమి. మా మెరుగు బండలకు ఎడమ ప్రక్కగా, వేపచెట్టును చుట్టుకొని, గడ్డి నలిగిన ఒక సన్నని వంకర త్రోవ యున్నది. మేము ఈ ఊరికి రాకముందునుండియు అది యుండియుండవచ్చును. మూడు దినములు వసారాలో కూర్చుండి ఎవరెటు నడుచుచున్నారో చూచితిమి. బిందెలతో వచ్చు స్త్రీలు వేపచెట్టు నీడనే నడిచిరి. ఆదివారపు బడి పిల్లలును అటే. ప్రక్కయింటి పుంగనూరు ఆవు, ఆ పొట్టి జాతిది, మూడడుగుల ఎత్తైనను లేదు, అదియు ఆ త్రోవనే ఎరుగును. కాళ్లు చచ్చుబడిన మా తమ్ముడొకడు మూడు చక్రముల బండిలో వచ్చి, గేటు యొద్దనే నిలిచి మమ్మును పిలిచి, అక్కడనే మాట్లాడి పోయెను. అతడు ఎప్పుడును అట్లే చేయును. అతనికి లోపలికి రావలెనని లేదేమో అని మేము ఇన్నాళ్లు అనుకొంటిమి! బండలమీద నడిచినవారు ఇద్దరే: కరెంటు బిల్లు ఇచ్చు మనుష్యుడును, మేమును.

గ్రుడ్డివాని యెదుట అడ్డము వేయకూడదని ధర్మశాస్త్రములో ఒక ఆజ్ఞ యున్నది. దానిమీద మేము ప్రసంగించితిమి కూడ. దారిలో రాయి పెట్టి చాటున నవ్వు దుర్మార్గుల కొరకు అది వ్రాయబడినదని ఆ దినమున చెప్పితిమి. డబ్బు ఖర్చుపెట్టి, దారము లాగి, ప్రార్థన చేసి మరీ అడ్డము వేయువారు కూడ ఉందురని మాకు అప్పుడు తోచలేదు. యెషయా ప్రవక్త నోట దేవుడు త్రోవ సిద్ధపరచువారికిచ్చిన ఆజ్ఞలో త్రోవ ఎత్తు చేయుటయు ఉన్నది, అడ్డము తీసివేయుటయు ఉన్నది. మేము మొదటి మాట విని రెండవది వినక లేచిపోయిన పనివారమైతిమి.

1863లో జేకబ్ చాంబర్లేన్ దొరగారు మదనపల్లెకు వచ్చి ఈ చుట్టుప్రక్కల పల్లెలకు సువార్త చెప్పబోయినప్పుడు, ఆయన పాదములు పట్టుకొన్నది ఇట్టి నలిగిన కాలిబాటలనే గదా. పల్లెవారు ముందే నడిచిన త్రోవను పట్టుకొని పోయినందుననే సేవకుడు పల్లెవారి వాకిట చేరును.

త్రోవ తిరిగి వేయవలెనని తీర్మానించి, రాళ్లు కొట్టు ఒక వడ్డెర పెద్దాయనను పిలిపించితిమి. ఆయన మన సంఘస్థుడు కాడు. వచ్చి, మా మెరుగు బండనొకదానిని గడ్డపార మొనతో ఎత్తి చూచి ఇట్లనెను: “సామీ, మీరు రాయి బాగుండాదా అని సూసినారు. రాయి కింద ఏముండాదో సూడలేదు. నడిసేది రాయి మిందే, మోసేది మాత్రం కిందిది.”

అప్పుడు మేము లూకా సువార్త తీసితిమి. రెండిండ్ల ఉపమానమును మత్తయియు వ్రాసెను, లూకాయు వ్రాసెను. అయితే బుద్ధిమంతుడు లోతుగా త్రవ్వెనను సంగతి లూకా మాత్రమే చెప్పుచున్నాడు. బండ ఎక్కడనో దొరికెనని కాదు. చెమటోడ్చి త్రవ్వి దానిని చేరెను.

మీలో ఎవరైనను ఇంటిముందర త్రోవ వేయదలచిన యెడల పనికివచ్చునని, చేసిన పద్ధతి చెప్పుచున్నాము. నలిగిన త్రోవమీదనే సున్నముతో గీత గీసితిమి. వంకర గనుక 45 అడుగులు వచ్చెను. వెడల్పు 4 అడుగులు. మనుమడు అవ్వ చేయి పట్టుకొని ప్రక్కన నడుచుటకును, మూడు చక్రముల బండికిని అది చాలును. వేపచెట్టు మొదటికి 5 అడుగుల దూరము విడిచితిమి, వేళ్లు బండలను ఎత్తకుండునట్లు. నేల ఎనిమిది అంగుళములు త్రవ్వితిమి. అడుగున దిమ్మిసతో కొట్టి, నాలుగంగుళముల కంకర పోసి, నీళ్లు చల్లి మరల దిమ్మిస కొట్టితిమి. రమారమి 60 ఘనపుటడుగుల కంకర పట్టెను. దానిమీద ఒకటిన్నర అంగుళము ఇసుక, ఇసుకమీద బండలు. రెండు ప్రక్కల నిలువు రాళ్లు పాతితిమి. అంచు పట్టులేనియెడల ఇసుక జారిపోవును, ఇసుక జారినచో బండ జారును.

వాలు ముఖ్యము. నాలుగడుగుల వెడల్పునకు ఒక అంగుళము చొప్పున ఇంటివైపునుండి చెట్టువైపునకు వాలు ఉంచితిమి. ఇప్పుడు నీరు బండలమీద ఆగదు, వేపచెట్టు దానిని త్రాగును. వసారా ఎత్తు 18 అంగుళములు. మెట్టు తీసివేసి, అంగుళమునకు ఒక అడుగు లెక్కన కడపటి 18 అడుగులను మెల్లగా ఎక్కు ఏటవాలుగా చేసితిమి. చక్రముల బండి ఒకరి సహాయములేక ఎక్కుటకు అంత నిదానము కావలెను.

బండలు ఈసారి మెరుగువి కావు. చదునైన కొండబండమీద కట్టెలు పేర్చి, మంట పెట్టి, దానిని మెల్లగా జరుపుచుపోగా వేడికి పై పొర లేచును. సమ్మెటతో తట్టి ఆ శబ్దమును విని, పొర ఎంతవరకు లేచినదో ఆ పనివారు చెప్పుదురు. పిమ్మట వరుసగా గుంటలు కొట్టి, ఇనుప చీలలు దిగగొట్టి కావలసిన కొలతకు చీల్చుదురు. అట్టివి 60 బండలు, రెండడుగులు ఒకటిన్నర అడుగు కొలతవి, పట్టెను. వాటి ముఖము గరుకు. తడిసినను కాలు జారదు. చేతితో చీల్చినవి గనుక ఒకటి రెండంగుళములు, ఒకటి మూడంగుళములు మందముండును. పెద్దాయన రసమట్టము పెట్టి చూచుచు, మందపు బండ క్రింద ఇసుక తీసివేసి, పలుచని దాని క్రింద ఇసుక చేర్చెను. ఏ బండనైనను చెక్కి పలుచన చేయలేదు. సంఘపు పంచాయతీలలో మేము అందరికిని ఒకే ఇసుక పోసి, లేచిన బండను సమ్మెటతో కొట్టిన సందర్భములు ఆ మధ్యాహ్నము మాకు అనేకము జ్ఞాపకము వచ్చెను.

రోమీయులును ఇట్లే పొరలు పొరలుగా బాటలు వేసిరి. క్రీస్తు పూర్వము 312లో మొదలుపెట్టిన ఆప్పియ మార్గముమీద నేటికిని కొంతమేర నడువవచ్చును. పౌలు ఖైదీగా రోమాకు పోవుచుండగా సహోదరులు అప్పీయా సంతపేటవరకు ఎదురు వచ్చిరనియు, వారిని చూచి అతడు ధైర్యము తెచ్చుకొనెననియు అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయములో నున్నది. ఆ బాట వేయించినవారు సైన్యముల కొరకు వేయించిరి. అలసిన ఖైదీ ఒకడు దానిమీద ఊరట పొందునని వారికేమి తెలియును?

మెరుగు బండలు ఇప్పుడు వంటింటి గట్టుమీద నున్నవి. అక్కడ అవి చాల శ్రేష్ఠముగా పనిచేయుచున్నవని మీరు పాస్టరమ్మగారని పిలుచు మా యింటావిడ చెప్పుచున్నది. మొదటనే అక్కడ పెట్టవలసినదని కూడ చెప్పుచున్నది.

అవ్వకు ఆరు వారముల కూలి మేము చెల్లించితిమి. ఇది దానము కాదు, అప్పు. ఆమె తీసికొని, మరుసటి ఆదివారము అందులో సగము ఎడమచేతితో కానుక సంచిలో వేసెను. దానిగూర్చి ఆమెతో వాదించి ఓడిపోతిమి. ఇప్పుడు చేయి బాగైనది గాని బిగువు ఇంకను వదలలేదు. నిండు గంప ఎత్తలేకున్నది. మా త్రోవ బాగుపడినంత చక్కగా ఆ చేయి బాగుపడలేదు.

త్రోవ ముగిసిన సాయంకాలము చక్రముల బండి తమ్ముడు గేటు దాటి, వేపచెట్టు చుట్టి, ఏటవాలు ఎక్కి, వసారాలోనికి తానే వచ్చెను. కాఫీ త్రాగుచు మమ్మును ఒక ప్రశ్న అడిగెను: “అయ్యగారూ, గుడికి ఎప్పుడు ఏస్తారు?”

మన గుడి వాకిట మూడు మెట్లున్నవి, పట్టుకొనుటకు కడ్డీ లేదు. అతడు పదకొండేండ్లుగా కిటికీ ప్రక్కన చింతచెట్టు క్రింద నుండియే ఆరాధన వినుచున్నాడు. సంస్కారపు రొట్టెను మేము బయటికి తీసికొనిపోయి ఇచ్చుచున్నాము. అది మా ప్రేమయని అనుకొంటిమి.

మరునాడు కొలిచితిమి. మెట్ల ఎత్తు 21 అంగుళములు. 21 అడుగుల ఏటవాలు కావలెను, ప్రహరీగోడకు 16 అడుగులే యున్నది. గనుక సగములో మలుపు తిప్పవలెను, మలుపు యొద్ద బండి తిరుగుటకు 5 అడుగుల చదునైన చోటు విడువవలెను. ఎత్తు ప్రక్కన కడ్డీ కట్టవలెను. సంఘ పెద్దలు వచ్చు నెల మొదటి ఆదివారము ఆరాధన తరువాత కూడుదురు. వడ్డెర పెద్దాయనయు వచ్చెదనన్నాడు. ఆ దినమున కూడికను గుడిలోపల గాక, చింతచెట్టు క్రింద జరుపుదుము.