దాచేది ఎవరు, వదలవలసింది ఎవరు

వెస్టర్న్ డిజిటల్ అనే అమెరికన్ కంపెనీ హార్డ్ డిస్కులు తయారుచేసి అమ్ముతుంది. 2025 జూన్ చివర ముగిసిన ఆర్థిక సంవత్సరంలో దాని రాబడి సుమారు 952 కోట్ల డాలర్లు, అంతకుముందు ఏడాది కంటే 51 శాతం ఎక్కువ. ఆ రాబడిని కంపెనీ మూడు పద్దుల కింద చూపిస్తుంది. క్లౌడ్ అంటే డేటా సెంటర్లు నడిపే సంస్థలు కొన్నవి, క్లయింట్ అంటే ప్రధానంగా కంప్యూటర్లలో బిగించేందుకు వెళ్లినవి, కన్స్యూమర్ అంటే మామూలు మనిషి దుకాణంలో కొనుక్కుని ఇంటికి తెచ్చుకున్నవి. ఆ ఏడాది చివరి మూడు నెలల రాబడిలో 90 శాతం క్లౌడ్‌దే. మిగతా రెండిటికీ చెరో ఐదు శాతం. ఏడాది తిరిగేసరికి క్లౌడ్ పద్దు 36 శాతం పెరిగితే కన్స్యూమర్ పద్దు తగ్గింది. మదుపరులు ఈ పట్టికలో లాభాల జాడ వెతుక్కుంటారు. నాకు అందులో ఒక పాత ధర్మసందేహం కనిపిస్తోంది. అవసరానికి మించి కూడబెట్టడం దోషమే అయితే, ఆ దోషం ఇప్పుడు ఎవరి ఖాతాలో పడాలి?

కూడబెట్టడం గురించి జైనులు ఆలోచించినంత నిశితంగా ఆలోచించినవాళ్లు అరుదు. ముని సర్వం విడిచిపెట్టాలి. గృహస్థుకు అది కుదరదు కాబట్టి అతనికి హద్దు పెట్టారు. పొలం, ఇల్లు, వెండి, బంగారం, పశువులు, ధాన్యం, ఏదైనా సరే ఇంతకు మించి ఉంచుకోనని అతను ముందే మాట ఇచ్చుకుంటాడు. ఆ మాట నిలబడాలంటే వైరాగ్యం కంటే ముందు లెక్క కావాలి. తన దగ్గర ఎంత ఉందో తెలియనివాడు హద్దు ఎక్కడ గీస్తాడు? ఇంట్లో డిస్కు ఉన్న రోజుల్లో అది నిండేది. నిండాక కూర్చుని ఏది ఉంచాలో, ఏది తీసేయాలో తేల్చుకోక తప్పేది కాదు. ఆ కాస్త ఇబ్బందిలోనే వ్రతానికి చోటుండేది. క్లౌడ్‌లో నెలకింత కడితే చోటు పెరుగుతూనే పోతుంది. మనం దాచుకున్న ఫొటోల సంగతి అలా ఉంచితే, మనం ఎక్కడికి వెళ్లామో, ఏం కొన్నామో, ఏ వీడియో దగ్గర ఎంతసేపు ఆగామో కూడా మనకు తెలియకుండానే అక్కడ పోగుపడుతుంది. ఆ గాదెకు తాళంచెవి మన దగ్గర లేదు.

ఈ అంకెల మీద ఒక అభ్యంతరం న్యాయమైనదే. 2025 ఫిబ్రవరిలో శాన్‌డిస్క్ వేరుపడింది. మెమరీ కార్డులు, పెన్‌డ్రైవ్‌లు దానితోపాటే వెళ్లిపోయాయి కాబట్టి ఐదు శాతమనే అంకె కొంతవరకు ఆ పంపకం వల్ల వచ్చిందే. అయినా మిగిలిన హార్డ్ డిస్కుల వ్యాపారంలోనే ఒక పద్దు ఎదిగి మరొకటి కుంగడాన్ని పంపకం వివరించలేదు. రెండో అభ్యంతరం ఇంకా లోతైనది. జైన గ్రంథమైన తత్త్వార్థసూత్రంలో ఉమాస్వాతి పరిగ్రహమంటే, అంటే కూడబెట్టడమంటే, మమకారమే అన్నాడు, వస్తువు దగ్గరుండటం దానంతటది దోషం కాదు. పదేళ్ల కిందటి ఫొటో ఉన్న సంగతే మరిచిపోయినవాడికి దాని మీద మమకారం ఎక్కడిది? నిజమే. కానీ ఆ మమకారం మాయమైపోలేదు, చేతులు మారింది. ఎప్పటికైనా పనికొస్తుంది, రేపు ఏ కృత్రిమ మేధ నమూనాకో మేతగా అక్కరకొస్తుంది అని దేన్నీ చెరపకుండా పట్టుకు కూర్చునే సంస్థది మమకారం కాకపోతే మరేమిటి? జైన ధర్మం స్వయంగా చేయడాన్నే కాదు, చేయించడాన్నీ, ఆమోదించడాన్నీ కూడా దోషంలో చేర్చింది. షరతులు చదవకుండా ఒప్పుకున్నామని నొక్కే మనం మూడో వరసలోనైనా ఉన్నాం.

డేటాకు బరువు లేదు, ఒకడు దాచుకుంటే మరొకడి నోటి దగ్గర కూడు పోదు కదా అని కొందరంటారు. డిస్కు లోపలికి చూస్తే ఆ మాట నిలవదు. అద్దంలా నున్నటి పళ్లేలు నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంటాయి. వాటిని తాకకుండా కొద్ది నానోమీటర్ల ఎత్తులో చదివే ముల్లు తేలుతుంటుంది. రాత్రీ పగలూ అవి తిరగడానికి కరెంటు, ఆ వేడి చల్లార్చడానికి చాలాచోట్ల నీళ్లు కావాలి. ఫైలు తీసేయమన్నప్పుడు మామూలుగా చెరిగేది దాని చిరునామా మాత్రమే. ఆ చోట కొత్తది రాసేవరకు పాత రాత అలాగే ఉంటుంది. వదిలేశామని మనం అనుకున్నదీ పూర్తిగా వదలడం కాదు.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం తిరుమల నుంచే వస్తుంది. తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలు రాగిరేకుల మీద శతాబ్దాలపాటు గుడిలోని ఒక అరలో పడి ఉన్నాయి. ఆయన 32 వేలు రాశాడంటారు, ఆ రేకుల పుణ్యమా అని దాదాపు 12 వేలు మనకు దక్కాయి. ఏది ఎప్పుడు అమూల్యమవుతుందో ముందుగా ఎవరికి తెలుసు, అన్నీ దాచడమే వివేకం కదా? కానీ ఆ రాగి మీద ప్రతి అక్షరాన్నీ ఉలితో చెక్కించారు. ఇది నిలవాలని ఒక కుటుంబం నిశ్చయించుకుంది, దానికి ఖర్చు భరించింది. రాగిరేకు దక్కని కూలి జనం పాటలు లెక్కలేనన్ని పోయాయి, ఆ నష్టం నన్ను నిజంగా బాధిస్తుంది. అయితే నేటి పోగు ఆ లోటు పూడ్చడం లేదు. అందులో సామాన్యుడి పాట కంటే అతని అడుగుజాడలే ఎక్కువ, అవీ అతను దాచమని అడిగినవి కావు.

కాబట్టి హద్దు గీయవలసిన బాధ్యత గాదె ఎవరిదో వాళ్ల మీదే ముందుగా పడాలి. మన దేశంలో 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, సేకరించిన పని తీరాక ఆ సమాచారాన్ని చెరిపేయాలంటుంది. శిక్షకు భయపడి చేసేది వ్రతం కాదని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. అయినా గృహస్థు ముందుగా హద్దు చెప్పుకున్నట్టే, ఏది ఎన్నాళ్లు ఉంచుతారో సంస్థ ముందే చెప్పి తీరాలి. మూడు నెలలకోసారి రాబడిని పద్దులవారీగా ప్రకటించే క్రమశిక్షణ ఈ కంపెనీలకు ఎలాగూ ఉంది. మనుషుల గురించి పోగుచేసినదాంట్లో ఆ మూడు నెలల్లో ఎంత చెరిపేశారో చెప్పే పద్దును క్లౌడ్ సంస్థలు అదే నివేదికలో చేర్చాలి.