మెతుకు పట్టి చూడటం

అన్నం ఉడికినదీ లేనిదీ తెలుసుకోవటానికి కుండ అంతా కెలకనక్కరలేదు. ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని వంట తెలిసిన ప్రతివారికీ తెలుసు. ఈ న్యాయాన్ని మానవుడు లోకవ్యవహారంలో ఎన్నో విషయాలకు వర్తింపజేసుకొన్నాడు. గుప్పెడు విత్తనాలు మొలకెత్తించి చూచి గాని రైతు చేను చల్లడు. ఎద్దును కాడికి కట్టి చూచి గాని సంతలో బయానా ఇవ్వడు. అయితే జీవితాన్ని కూడ ఇట్లా మెతుకు పట్టి చూడవచ్చునా? ఇద్దరు కలిసి గడపవలసిన జీవితమైతే, ఆ మెతుకు పట్టి చూచే అధికారం ఎవరిది?

అమెరికాలోని ఒక ఆచారం ఈ ప్రశ్నను స్పష్టంగా ముందుకు తెస్తుంది. ఉద్యోగవిరమణకు చేరువైన దంపతులు కొందరు ఇల్లు అమ్మివేసి, వాహనమే గృహంగా దేశమంతా తిరుగుతూ శేషజీవితం గడపాలని సంకల్పిస్తారు. సంకల్పాన్ని అమలు జరపటానికి ముందు రెండు మూడు వారాలపాటు పరీక్షార్థం బయలుదేరుతారు. గుడారమో, అద్దెకు తెచ్చిన బండియో వెంట ఉంటుంది. రాత్రి బస స్టేట్ పార్కులలో, అనగా రాష్ట్ర ప్రభుత్వాల పోషణలో ఉన్న వనాలలో. ఒక సంఖ్య వేసిన జాగా, ఒక కొయ్యబల్ల, నిప్పు చేసుకోవటానికి ఇనుపచట్రం, కొంతదూరంలో నీళ్లకుళాయి: సామాన్యంగా అక్కడ లభించేవి ఇవి. చాలాచోట్ల రెండు వారాలకు మించి ఒకేచోట ఉండనివ్వరు.

ఈ వనాల వెనుక ఉదారమైన భావన ఉన్నది. 1864లో అధ్యక్షుడు లింకన్ యోసెమిటీ లోయను ప్రజల విశ్రాంతి నిమిత్తం కాలిఫోర్నియా రాష్ట్రానికి అప్పగించే శాసనంపై సంతకం చేశాడు. 1885లో న్యూయార్క్ రాష్ట్రం నయాగరా జలపాతం పక్కనున్న భూమిని ప్రజలపరం చేసింది. 1933 నుండి 1942 వరకు నిరుద్యోగులైన యువకులకు పని కల్పించిన సివిలియన్ కన్సర్వేషన్ కోర్ అనే ప్రభుత్వ దళం ఇట్టి అనేక వనాలలో బాటలు వేసింది, రాతి కట్టడాలు నిర్మించింది. అదే దశాబ్దిలో, అనావృష్టికీ ధూళితుఫానులకూ బ్రతుకుతెరువు పోగొట్టుకొన్న ఓక్లహోమా రైతు కుటుంబాలు పాత మోటారుబండ్లలో సామాను వేసుకొని కాలిఫోర్నియా చేరి, రోడ్లపక్కనా కాలువగట్ల మీదా గుడారాలు వేసుకొన్నవి. గుడారపుగుడ్డ ఒక్కటే, దానిమీద కురిసే వాన ఒక్కటే. కాని ఒకరికి అది విహారం, మరొకరికి దిక్కులేనితనం. తిరిగి వెళ్లటానికి ఒక ఇల్లు ఉండటంలోనే ఈ వ్యత్యాసమంతా ఉన్నది.

పరీక్షాప్రయాణాన్ని గురించిన మొదటి ఆక్షేపణ ఇక్కడే పుడుతుంది. పట్టి చూచిన మెతుకు ఆ కుండలోనిదేనా? దంపతులు తెలుసుకోగోరేది ఇల్లు లేని జీవితాన్ని గురించి. పరీక్షాకాలంలో మాత్రం ఇల్లు వారికోసం కాచుకొనే ఉన్నది. మూడవనాటి రాత్రి చలి సహ్యంగా ఉన్నదంటే, ఇరవయ్యవనాడు తమ మంచం మీద పడుకొంటామన్న ఎరుక వల్లనే కావచ్చును. మెట్టు పట్టుకొని చెరువులో దిగినవాడికి నీటి చల్లదనం తెలుస్తుంది గాని లోతు తెలియదు.

హెన్రీ డేవిడ్ థోరో మీద కూడ కొందరు ఇట్టి నిందనే మోపినారు. ఆయన 1845 జూలై 4న వాల్డెన్ కొలను ఒడ్డున, మిత్రుడు ఎమర్సన్ భూమిలో, తానే కట్టుకొన్న చిన్న కుటీరంలో కాపురం ప్రారంభించి, 1847 సెప్టెంబరులో విడిచి వచ్చాడు. స్వగ్రామం కాంకర్డు అక్కడికి సుమారు మైలున్నర దూరం మాత్రమే. ఎప్పుడు కావలసినా నడిచి పోవచ్చును, తరచు పోయేవాడు కూడ. అంతమాత్రాన ఆ ప్రయోగం అబద్ధం కాలేదు. అడవిలో శాశ్వతంగా ఉండగలనా అన్నది ఆయన ప్రశ్న కాదు. మనిషికి నిజంగా ఎంత అవసరమన్నదే ఆయన ప్రశ్న. దానికి రెండేళ్లలో సమాధానం దొరికింది. ఆ కొలను చుట్టూ ఉన్న భూమి 1922 నుండి మసాచుసెట్స్ రాష్ట్ర సంరక్షణలో ఉన్నది. అయితే ఒక్క సంగతి విస్మరింపరాదు. థోరో ఏకాకి. ఆయన పరీక్షకు పెట్టినది తన్ను మాత్రమే.

దంపతుల విషయంలో చిక్కు ఇక్కడే ఉన్నది. ఇంటికి ఉన్న గోడలు వానను మాత్రమే కాదు, మనుషుల స్వభావాలను కూడ మరుగుపరుస్తవి. ఒకరు వంటగదిలో, ఒకరు వసారాలో కూర్చుండి నలభై ఏండ్లు సఖ్యంగా గడపవచ్చును. గుడారంలో వసారా లేదు. తెల్లవారుజామున లేచి తడికట్టెలతో నిప్పు చేసేది ఎవరు, దారి తప్పినప్పుడు ఎవరి గొంతు హెచ్చుతుంది, నీళ్లు మోసేది ఎవరు, సూర్యాస్తమయం చూస్తూ నిలిచేది ఎవరు అన్న సంగతులన్నీ నాలుగు రోజులలో బయటపడతవి. ఈ దృష్టితో చూస్తే పరీక్షాప్రయాణం నిష్ప్రయోజనం కాదు. రాబోయే జీవితాన్ని అది చూపలేకపోవచ్చును. గడిచిన జీవితంలో ఎవరు ఏ బరువు మోశారో మాత్రం తప్పక చూపుతుంది.

భారతీయ సంప్రదాయంలో వానప్రస్థానికి ఇట్టి పూర్వపరీక్ష లేదు. శరీరం ముడతలు పడి, తల నెరసి, మనుమడు పుట్టిన పిమ్మట గృహస్థుడు వనానికి పోవలెననీ, భార్యను కుమారులకు అప్పగించి గాని, వెంట తీసుకొని గాని వెళ్లవలెననీ మనుస్మృతి విధించింది. ఈ విధిలో భర్త కర్త, భార్య కర్మ. ఆమెను అడగవలెనన్న మాట అక్కడ లేదు. ఆ మేరకు, పరీక్షార్థం బయలుదేరే దంపతుల ఆచారం ఒక నైతికమైన ముందడుగు అని ఒప్పుకోక తప్పదు.

రామాయణం ఇంకొక మార్గాన్ని చూపుతుంది. రాముడు అరణ్యవాసంలోని కష్టాలను వర్ణించి సీతను వారించాడు. ఆమె అన్నీ విని, వాదించి, తన నిర్ణయాన్ని తానే చేసుకొన్నది. ముందుగా పది రోజులు అడవిలో ఉండి చూచి చెప్పుమని ఎవరూ అనలేదు. ఆ ఇతిహాసంలోనే పరీక్ష తరువాత వచ్చింది, అగ్నిరూపంలో. మొదటిది ఆమె తనంతట తాను స్వీకరించిన సాహసం. రెండవది ఇతరుల సంశయనివారణకు ఆమె తలమీద పడిన భారం. ఒకే స్త్రీ జీవితంలోని ఈ రెండు ఘట్టాలను తరతరాల శ్రోతలు ఒకే మనసుతో వినలేకపోవటానికి కారణం ఇదే.

ఆధునికకాలంలో ఈ ధర్మసూక్ష్మాన్ని తన అనుభవంతో బయటపెట్టినవాడు గాంధీజీ. జీవితాన్నే సత్యంతో ప్రయోగాలుగా భావించిన ఆయన, 1898 ప్రాంతంలో డర్బన్‌లో జరిగిన సంఘటనను ఆత్మకథలో దాచక చెప్పుకొన్నాడు. ఇంట్లో ఉన్న ఒక గుమాస్తా మూత్రపాత్రను శుభ్రం చేయవలసి వచ్చినప్పుడు కస్తూరిబా కన్నీళ్లతో ఆ పని చేసింది. కన్నీళ్లు కూడదు, సంతోషంగా చేయవలెనని ఆయన పట్టుపట్టాడు. మాట మీద మాట పెరిగి, చేయి పట్టి ఆమెను వీధి ద్వారం దాకా ఈడ్చుకొనిపోయాడు. ఈ దేశంలో తల్లి లేదు, తండ్రి లేదు, ఎక్కడికి పోవలెనని ఆమె అడిగింది. పంచములుగా భావింపబడిన తల్లిదండ్రులకు పుట్టిన ఆ గుమాస్తా పట్ల భేదభావం చూపరాదన్న గాంధీజీ ఆశయం న్యాయమైనదే. కాని ఆ ప్రయోగంలో ఆయనకు ఇల్లున్నది, వృత్తి ఉన్నది, మిత్రులున్నారు. ఆమెకు ఆ ద్వారం అవతల ఏమీ లేదు. చాలునని చెప్పే అవకాశం ఒకరికే ఉన్నచోట, ఆశయం ఎంత పవిత్రమైనదైనా, రెండవవారు ప్రయోగంలో భాగస్వామి కాజాలరు. కేవలం ప్రయోగవస్తువు అవుతారు.

స్టేట్ పార్కులో గుడారం దించే దంపతులకు ఇంత తీవ్రమైన పరిస్థితి ఉండదు. అయినా ధర్మం అదే. ప్రాయికంగా అట్టి ప్రయాణాన్ని కలగనేది ఒకరు, ఒప్పుకొనేది మరొకరు. ఇల్లు అమ్మటం ఒకరికి స్వేచ్ఛ. మరొకరికి అది ఇరుగుపొరుగు పలకరింపులూ, పెరటి చెట్లూ, పరిచయమైన వైద్యుడూ పోవటం. తీర్పు ముందే వ్రాసిపెట్టుకొని పరీక్ష జరిపితే, అది మర్యాదగా చేసిన బలవంతం మాత్రమే. రెండవవారి మౌనాన్ని సమ్మతిగానూ, అలసటను తాత్కాలికంగానూ లెక్కవేసుకోవటం అప్పుడు సులభమవుతుంది.

కనుక ఆ ప్రయాణంలో నిజమైన పరీక్ష వాననాటి రాత్రి జరగదు. ఇంటికి తిరిగి వచ్చి, గుడారాన్ని ఆరవేసి, ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్న పూట జరుగుతుంది. ఒకరు ఇక చాలునన్నప్పుడు రెండవవారు ఆ మాటను ఓటమిగా గాక సమాధానంగా స్వీకరించగలిగితే, ఆ ప్రయాణం సార్థకమైనట్లే, వారు మరల బయలుదేరినా బయలుదేరకపోయినా. తన్ను తాను పరీక్షించుకోవటానికి మనిషికి ఎప్పుడూ హక్కున్నది. తోడుగా వచ్చినవారిని పరీక్షించే హక్కు మాత్రం, వారు కాదనటానికి తానిచ్చిన స్వేచ్ఛను మించి ఒక్క అడుగు కూడ ముందుకు సాగదు.