లెక్కయు దయయు

రోగి చేయి పట్టుకొని నాడి చూచువానిని మనము దేవునితో పోల్చుదుము. రోగుల మరణములను పట్టికలోని కెక్కించి లెక్కించువానిని రాతిగుండెవాడని తలంతుము. ఈ తలంపు న్యాయమైనదా యని విచారింపవలసియున్నది.

ఆంగ్లదేశీయుడగు ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ 1897లో జన్మించెను. వైద్యుడు కావలెనని యతని కోరిక. మొదటి ప్రపంచయుద్ధకాలమున వైమానికదళములో నుండగా క్షయ సోకి యా కోరిక నడుగంటించెను. చావు తప్పించుకొని, ఉత్తరముల మూలమున అర్థశాస్త్రము చదివి 1922లో పట్టభద్రుడయ్యెను. 1945లో లండనులోని ఆరోగ్య, ఉష్ణదేశవైద్య విద్యాలయమున వైద్యగణాంకశాస్త్రాచార్యుడయ్యెను. తన్ను కూల్చిన రోగమే పిమ్మట నతని యెదుట నొక ధర్మసంకటమును నిలిపెను.

1947 నాటికి క్షయకు స్ట్రెప్టోమైసిన్ అను క్రొత్త మందు బ్రిటనునకు స్వల్పముగా మాత్రమే లభించెను. రోగులో, వేలకు వేలు. ఎవరి కీయవలెను? ధనికునికా? పలుకుబడి గలవానికా? వైద్యునికి జాలి పుట్టించినవానికా? హిల్ చూపిన మార్గము వేరు. ఏ పక్షపాతమును లేని సంఖ్యల ననుసరించి చీట్లు వ్రాసి, మూసిన లకోటాలలో నుంచి, రోగి వచ్చినపుడే విప్పిరి. 107 మంది పడుచువారిలో 55 మందికి మందును విశ్రాంతియు, 52 మందికి నాటి వాడుక చికిత్సయగు విశ్రాంతి మాత్రమును లభించెను. ఆరు నెలలలో మొదటి జట్టున నలుగురు, రెండవ జట్టున 14 మంది మరణించిరి.

ఆ 14 మంది తల్లుల యెదుట ఈ లెక్కను సమర్థింపగలమా? మందు అందరికిని చాలదు. అది మేలు చేయునో లేదో నిశ్చయముగా నెరిగినవారును లేరు. అంతకుముందు ఐరోపాలో క్షయకు బంగారపు లవణముల నెందరో వైద్యులు నమ్మకముతో వాడిరి. 1931లో అమెరికాలో నాణె మెగురవేసి రెండు జట్లు చేసి పరీక్షింపగా మేలు కానరాలేదు, కీడు మాత్రము బయటపడెను. అన్నాళ్లును ఆ మందిచ్చిన వైద్యులు దయలేనివారా? కారు. వారికి దయ కలదు, లెక్క లేదు.

మన యిండ్లలోను ఒకరికి గుణమిచ్చిన దని యొక మందును వీథివీథికిని చెప్పుదుము. బాగుపడినవాడు వచ్చి సాక్ష్యము పలుకును, చనిపోయినవాడు రాలేడు. ఆ రాలేని సాక్షిని సభకు పిలుచుటయే గణకుని పని. ఇంతకు మించిన దయ యేది?

అయినను ఒక్క లోపమును దాచరాదు. విశ్రాంతి మాత్రమే పొందినవారికి, తామొక పరీక్షలో భాగమైతిమన్న సంగతి తెలుపలేదు. ఆ 1947లోనే నూరెంబర్గు న్యాయస్థానము, మనిషి యిష్టపూర్వకమైన సమ్మతి లేక వానిపై ప్రయోగము చేయరాదని ప్రకటించినది. చీటి వేయుట అధర్మము కాదు. చీటి వేసితిమని చెప్పకుండుట అధర్మము. చెప్పియుండిన కొందరు కాదనియుందు రేమో. ఆ కాదనుటకు వారికి హక్కు కలదు.

కావున ఆరోగ్యపరీక్షలకు మన సమ్మతి నడుగ వచ్చినవారిని గుమ్మమునుండియే పంపివేయక, ఏమి చేయుదురో, ఎందుకు చేయుదురో, ఎవరికి నష్టమో యడిగి తెలిసికొందము. సమాధానము సరిగా నున్నచో చేరుదము, లేనిచో నిరాకరింతము. నేడు మన బిడ్డల ప్రాణములు నిలుపు మందుల వెనుక, పేరు తెలియని యట్టి 14 మంది యుందురని మాత్రము మరువకుందము.