దానమా, ఋణమా: వైకల్యం, ఉపాధి, ధర్మం

వైకల్యమున్న వ్యక్తికి పని చూపడం దయతో చేసే దానమా, సమాజం తీర్చవలసిన ఋణమా అన్న ప్రశ్న పాలనకు సంబంధించినదిగా కనిపించినా, దాని మూలం ధర్మవిచారంలోనే ఉంది. వ్యక్తి సామర్థ్యాన్ని అంచనా వేసి, తగిన వృత్తిలో శిక్షణ ఇచ్చి, పనిముట్లను, పనిచోటును అతనికి అనువుగా మార్చి, ఉపాధిలో కుదురుకునేదాకా తోడు నిలిచే సేవను వృత్తి పునరావాసం అంటారు. ఇందుకోసం కేంద్ర ప్రభుత్వం 1968లోనే హైదరాబాదులో ఒక కేంద్రాన్ని నెలకొల్పింది.

వైకల్యం పూర్వజన్మ కర్మఫలమనే విశ్వాసం జనంలో బలంగా ఉంది. నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు ప్రాంతాల అనుభవం ఆ విశ్వాసాన్ని నిలదీస్తుంది. అక్కడి గ్రానైటు శిలల నుండి భూగర్భజలంలోకి ఫ్లోరైడు చేరుతుంది, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితిని మించిన నీటిని ఏళ్ల తరబడి తాగితే అది ఎముకల్లో పేరుకుని, పిల్లల కాళ్లు వంకర్లు పోతాయి, పెద్దల వెన్నెముక బిగుసుకుపోతుంది. ఫ్లోరైడును తొలగించడానికి పటిక, సున్నం వాడే పద్ధతికి ఈ జిల్లా పేరే పెట్టారు. అయినా సురక్షిత జలం ఇంటింటికీ చేరడానికి దశాబ్దాలు పట్టింది. కనుక ఆ వంగిన దేహాల్లో కర్మను వెదకదలచినవారు వ్యక్తి గతజన్మను కాక, సమాజపు సమష్టి కర్మను, అంటే చేయవలసినది సకాలంలో చేయకపోవడాన్ని చూడాలి. పొట్టకూటికి వలసపోయి, ఆనకట్టల పనుల్లో, భవన నిర్మాణాల్లో అవయవాలు కోల్పోయిన పాలమూరు కూలీల విషయంలోనూ ఇదే న్యాయం వర్తిస్తుంది. వారి శ్రమఫలాన్ని అనుభవించినవారు వారి నష్టంతో తమకు సంబంధం లేదనలేరు.

శతపథ బ్రాహ్మణం మనిషి నాలుగు ఋణాలతో పుడతాడని చెబుతూ, దేవతలకు, ఋషులకు, పితరులకు పడిన ఋణాలతోపాటు తోటి మనుషుల ఋణాన్నీ లెక్కించింది. దానం ఇచ్చేవాడి ఇష్టాన్ని బట్టి ఉంటుంది. ఋణం తీర్చడంలో ఇష్టాయిష్టాలకు తావులేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వోద్యోగాల్లో కనీసం 4 శాతం రిజర్వేషన్‌ను, వృత్తి శిక్షణను ప్రభుత్వాల బాధ్యతగా నిర్దేశించినప్పుడు, ఈ ప్రాచీన భావనే న్యాయభాషలో పలికిందని చెప్పవచ్చు.

అయితే పింఛనుతోనే ఆ ఋణం తీరదా అన్న ఆక్షేపణ ఒకటి వస్తుంది. పింఛను అవసరమే, పని చేయలేని స్థితిలో ఉన్నవారికి అదే ఆధారం. కానీ 12వ శతాబ్దంలో బసవేశ్వరుడు బోధించిన కాయకం, అంటే నిజాయితీతో చేసే శ్రమే శివపూజ అనే సిద్ధాంతం, దాసోహంతో, అంటే ఆర్జించినదాన్ని నలుగురితో పంచుకోవడంతో, విడదీయరానిది. పని చేయగలిగీ పని దొరకని మనిషి కూలిని మాత్రమే కాక, పంచుకునే అవకాశాన్ని కూడా కోల్పోతున్నాడు. అతన్ని ఎల్లకాలం పుచ్చుకునేవాడిగానే నిలిపే దయ, ఎంత ఉదారమైనదైనా, అతని ధర్మాన్ని అతనికి దక్కనివ్వదు. తన ఋణాలను తన చేతులతో తీర్చుకునే అధికారం ప్రతి మనిషికీ ఉంది. వృత్తి పునరావాసం ఆ అధికారాన్ని తిరిగి అప్పగించే ధర్మకార్యం.